ఏ వరస మీద నొక్కారు?

మందుల షాపు బిల్లింగ్ ప్రోగ్రాంలో పన్నెండు మందుల లిస్టు. ఎనిమిదోది ఎంపికై నీలంగా ఉంది. గుమస్తా మూడోదాని మీద కుడి బటన్ నొక్కి, మెనూలో "తీసెయ్" అంటాడు. ఎగిరిపోయేది ఎనిమిదోది! విండోస్‌లో ఇలా వరసలు చూపే లిస్ట్‌బాక్స్‌లో ఎడమ క్లిక్‌తో ఎంపిక మారుతుంది, కుడి క్లిక్‌తో మారదు. ప్రోగ్రాం రాసినవారేమో ఎంపికైన వరసనే చెరపమన్నారు.

విన్‌ఫామ్స్‌లో (విండోస్ ప్రోగ్రాంల తెరలు కట్టే మైక్రోసాఫ్ట్ సాధనం) దీనికి మందు మౌస్‌డౌన్ ఈవెంట్‌లోనే ఉంది, అంటే మౌస్ బటన్ నొక్కగానే నడిచే కోడ్‌లో. నొక్కింది కుడి బటనైతే, నొక్కిన చోటు చెప్పే ఇ.లొకేషన్‌ను ఇండెక్స్‌ఫ్రమ్‌పాయింట్ అనే ఫంక్షన్‌కు ఇవ్వండి. వరస సంఖ్య వస్తుంది, లెక్క 0 నుంచి. ఇక్కడో మెలిక ఉంది. చివరి వరస దిగువన ఖాళీలో నొక్కినా ఆ చివరి వరస సంఖ్యే రావచ్చు, ఎందుకంటే లోపల పనిచేసే విండోస్ సందేశం చెప్పేది దగ్గర్లోని వరస ఏదో మాత్రమే. అందుకని ముందు ఆ సంఖ్య లిస్టులో ఉన్నదేనా చూసి, తర్వాత గెట్‌ఐటమ్‌రెక్టాంగిల్‌తో వరస హద్దులు తెచ్చుకుని, నొక్కిన చోటు వాటి లోపలే ఉందో లేదో తేల్చుకోవాలి. ఉంటే ఎంపికైన వరసను చెప్పే సెలెక్టెడ్‌ఇండెక్స్‌కు ఆ సంఖ్య ఇవ్వండి, లేకుంటే -1, అంటే ఏదీ ఎంపిక కాలేదని. ఈ పరీక్షను డబుల్ క్లిక్‌కూ పెట్టాలి, లేదంటే ఖాళీ చోట రెండుసార్లు తట్టినా చివరి మందు తెరుచుకుంటుంది.

ఇ.లొకేషన్ కొలత లిస్టు ఎడమ పైమూల నుంచి మొదలవుతుంది, మౌస్ బాణం ఎక్కడుందో చెప్పే కర్సర్.పొజిషన్ కొలత స్క్రీన్ మూల నుంచి. రెండోది వాడితే పాయింట్‌టుక్లయింట్‌తో మార్చుకోక తప్పదు. మరిచిపోతే, విండోను జరిపినప్పుడల్లా వేరే వరస దొరుకుతుంది.

డబుల్ క్లిక్ విషయానికొస్తే, రెండు క్లిక్‌ల మధ్య విండోస్ మామూలుగా ఇచ్చే గడువు 500 మిల్లీసెకన్లు. దాన్ని వాడేవారు మార్చుకోవచ్చు కాబట్టి కోడ్‌లో ఆ అంకె రాసేయకూడదు. విండోస్ పంపే సందేశాలు నొక్కు, వదులు, డబుల్ క్లిక్, వదులు అనే వరుసలో వస్తాయి. అంటే డబుల్ క్లిక్ అని తెలిసేసరికే మొదటి క్లిక్ పని జరిగిపోయి ఉంటుంది. అందుకే ఒక క్లిక్‌కు ఎంపిక, రెండింటికి తెరవడం అన్న పొత్తు బాగా కుదురుతుంది. ఒక క్లిక్‌కు చెరపడం పెడితే గండమే.

మెనూను మౌస్‌డౌన్‌లో మీరే చూపించకండి. దాన్ని లిస్టు కాంటెక్స్ట్‌మెనూస్ట్రిప్ ప్రాపర్టీకి తగిలించి, మెనూ తెరుచుకోబోయే ముందు వచ్చే ఓపెనింగ్ ఈవెంట్‌లో సెలెక్టెడ్‌ఇండెక్స్ -1 అయితే ఇ.క్యాన్సిల్‌ను ట్రూ చేయండి, మెనూ తెరుచుకోదు. అప్పుడు మౌస్ ముట్టకుండా షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కేవారికీ అదే మెనూ వస్తుంది, ఎంపికైన వరసకే పనిచేస్తుంది.