ఒక్క రిక్వెస్ట్‌కు ఇన్ని లైబ్రరీలా?

సర్వర్ నుంచి కాస్త డేటా తెచ్చుకోవాలంటే చాలామంది చెయ్యి ముందు యాక్సియోస్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీని ఇన్‌స్టాల్ చేయడానికే పోతుంది. అదే పని చేసే ఫెచ్ అనే ఫంక్షన్ బ్రౌజర్‌లోనే ఉండగా ఇదెందుకని కొత్తగా కోడింగ్ నేర్చుకునేవాళ్లు అడుగుతుంటారు. అడగాల్సిన ప్రశ్నే.

కథ మైక్రోసాఫ్ట్‌లో మొదలైంది. పేజీ మొత్తం మళ్లీ లోడ్ కాకుండా కొత్త మెయిళ్లు మాత్రమే రావాలన్నది అవుట్‌లుక్ వెబ్ యాక్సెస్ బృందం అవసరం. అందుకోసం రాసిన ముక్కను, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో పాటు వెళ్తున్న ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీలో దూర్చేశారు. 1999లో అది బయటికొచ్చింది. ఏ టెక్స్ట్‌నైనా తేగల ఆ ముక్కకు, అంటే ఎక్స్‌ఎంఎల్‌హెచ్‌టీటీపీరిక్వెస్ట్‌కు, ఎక్స్‌ఎంఎల్ అనే ఇంటిపేరు అలా అంటుకుంది. మొజిల్లా దాన్ని చూసి తన బ్రౌజర్‌లోనూ పెట్టుకుంది. కాకపోతే ఎక్స్‌ప్లోరర్‌లో అది యాక్టివ్‌ఎక్స్ (మైక్రోసాఫ్ట్ సొంత పద్ధతి), మొజిల్లాలో మామూలు ఆబ్జెక్ట్. రెండింటికీ పనికొచ్చేలా రాయడం ప్రోగ్రామర్ నెత్తిన పడింది.

2004లో జీమెయిల్, మరుసటి ఏడాది గూగుల్ మ్యాప్స్ వచ్చాక అందరికీ అలాంటి పేజీలే కావాలనిపించింది. 2005 ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ ఈ పద్ధతికి అజాక్స్ అని పేరు పెట్టాడు. పేరు ముచ్చటగానే ఉంది గానీ కోడ్ అలా లేదు: ఓపెన్ చేయాలి, సెండ్ చేయాలి, రెడీస్టేట్ 4 అయ్యేదాకా, అంటే బదులు పూర్తిగా వచ్చేదాకా కాచుకోవాలి, ఆపైన స్టేటస్ చూడాలి. జాన్ రెసిగ్ 2006లో తెచ్చిన జేక్వెరీ లైబ్రరీ ఈ తతంగాన్నంతా ఒక్క పిలుపులోకి కుదించింది. ఆ సుఖం మరిగాక వెనక్కెవరు వెళ్తారు?

యాక్సియోస్ 2014లో వచ్చింది. కాల్‌బ్యాక్‌ల (పని అయ్యాక పిలవమని అప్పగించే ఫంక్షన్ల) బదులు ప్రామిస్‌లు (తర్వాత రాబోయే ఫలితాన్ని పట్టి ఉంచే ఆబ్జెక్ట్‌లు) ఇచ్చింది. అంతకన్నా పెద్ద సంగతి, ఒకే కోడ్ బ్రౌజర్‌లోనూ, బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్‌లోనూ నడిచింది. ఫెచ్ 2015లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లకు చేరినా, నోడ్‌లో అడగకుండానే దొరకడానికి 2022లో 18వ వెర్షన్ దాకా ఆగాల్సి వచ్చింది. ఈలోగా అలవాటు ముదిరిపోయింది.

అలవాటొక్కటే కాదు. 404 (అడిగింది దొరకలేదు) వచ్చినా 500 (సర్వర్‌లో లోపం) వచ్చినా ఫెచ్ దృష్టిలో తప్పేమీ జరగలేదు. సర్వర్ బదులిచ్చింది, తన పని అయిపోయింది. రెస్పాన్స్ ఓకేనా కాదా అన్నది మనమే చూసుకోవాలి, జేసన్ రూపంలో వచ్చిన డేటాను మనమే విప్పుకోవాలి. యాక్సియోస్‌కైతే 2తో మొదలవని స్టేటస్ ఎర్రరే. నేరుగా ఎర్రర్లను పట్టే క్యాచ్‌లో పడుతుంది. డేటా తెచ్చుకునే నాలుగైదు గెట్ రిక్వెస్ట్‌లకైతే ఫెచ్ మీద పది లైన్ల ఫంక్షన్ చాలని నా అభిప్రాయం. ప్రతి రిక్వెస్ట్‌కూ మనమెవరో చెప్పే టోకెన్ తగిలించే ఇంటర్‌సెప్టర్ల దాకా వెళ్తేనే లైబ్రరీ గిట్టుబాటు.

2024లో యాక్సియోస్‌కు, లోపల ఫెచ్‌నే వాడుకునే ఫెచ్ అడాప్టర్ కూడా వచ్చింది. మనం ఏమీ చెప్పకపోతే మాత్రం, బ్రౌజర్‌లో అది వాడేది ఆ పాత ఎక్స్‌ఎంఎల్‌హెచ్‌టీటీపీరిక్వెస్ట్‌నే.