చెట్ల మధ్య బాబాయి బండి ఎందుకు మొరాయిస్తుంది?

చిన్నీకి, బన్నూకి తాతయ్య దీవెనలు.

మీ ఉత్తరం అందింది. చిన్నీ అడిగిన ప్రశ్న నాకు భలే నచ్చింది. "బాబాయి క్వాడ్ బైక్ ఇసుకలో బాణంలా పోతుంది కదా తాతయ్యా, అడవిలో చెట్ల మధ్యకి రాగానే ఎందుకు గురగురమని ఆగిపోతుంది? ఆగకపోతే ఒక్కసారిగా ఎగిరి చెట్టు మీదికే పోతుంది. పాడైపోయిందా?" అని. కింద బన్నూ పెన్సిల్‌తో ఇంకో ముక్క చేర్చాడు: "ఇంకా పెద్ద ఇంజిన్ వేస్తే సరిపోతుందా?"

పాడవలేదమ్మా. పెద్ద ఇంజిన్ వేస్తే మాత్రం మీ బాబాయికి చెట్లతో పరిచయం ఇంకా పెరుగుతుంది, అంతే.

ఆ నాలుగు చక్రాల బండి పేరు యమహా బాన్షీ. 1987 నుంచి 2006 దాకా అమెరికాలో అమ్మారు. 347 సీసీ, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్. ఇసుక దిబ్బల మీద దానికి పెద్ద పేరు. అక్కడ అడ్డం వచ్చేది ఏదీ ఉండదు, యాక్సిలరేటర్ నొక్కి పట్టుకుంటే చాలు. అడవిలో పది అడుగులకో మలుపు, మలుపు మలుపుకీ ఒక వేరు, వేరు దాటగానే ఒక మొద్దు. అక్కడ బండి నడిచే వేగానికి కాస్త ఎక్కువలో పోతుంది. ఇంజిన్‌కి ఆ వేగం చేతకాదు. ఎందుకో చెప్పాలంటే ముందు మీరు ఊయల దగ్గరికి రావాలి.

ఊయల ఊపేటప్పుడు ఏం చేస్తారు? అది వెనక్కి వచ్చి, ఇక ముందుకి పోబోతుండగా తోస్తారు. సరిగ్గా అప్పుడు తోస్తే చిటికెన వేలితో తోసినా ఊయల పైకి లేస్తుంది. తొందరపడి, అది ఇంకా వెనక్కి వస్తుండగానే తోశారనుకోండి, ఊయలా ఆగుతుంది, మీరూ వెనక్కి పడతారు. మా చిన్నప్పుడు ఇంటి వెనక చెట్టుకి ఒక తాడు ఊయల ఉండేది. మా అన్నయ్య తోస్తే నేను కొమ్మల్లోకి పోయేవాణ్ణి. వాడు కొలిచినట్టు ఒకే క్షణంలో తోసేవాడు. మా పక్కింటి పిల్లవాడు వాడికంటే బలమైనవాడు, పెద్ద పెద్ద చేతులు. కానీ ఎప్పుడు పడితే అప్పుడు తోసేవాడు. వాడు తోస్తే ఊయల పక్కకి మెలి తిరిగి చెట్టు మానుకి తగిలేది. నా మోచేతి మీద మచ్చ చూపించి కథ చెప్పమంటారు కదా, అది వాడి బలం తాలూకు గుర్తే.

ఇప్పుడు ఇంజిన్. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పైకీ కిందకీ కదిలే పిస్టనే తలుపు. అది కిందకి దిగినప్పుడు సిలిండర్ గోడలోని కన్నాలు తెరుచుకుంటాయి. ఒక కన్నంలోంచి కాలిన పొగ బయటికి పోతుంది, మిగతా వాటిలోంచి కొత్త పెట్రోల్ గాలి లోపలికి వస్తుంది. రెండూ ఇంచుమించు ఒకేసారి. అందుకని వచ్చిన కొత్త పెట్రోల్ గాలి కొంత, పొగతో పాటు పైపులోకి జారిపోతుంది. కాల్చకముందే పారబోసినట్టు.

దానికి విరుగుడు ఆ పైపులోనే ఉంది. టూ స్ట్రోక్ బండి పైపు ఎప్పుడైనా గమనించారా? మొదట సన్నగా ఉంటుంది, మధ్యలో కొండచిలువ మేకని మింగినట్టు ఉబ్బుతుంది, మళ్ళీ సన్నబడుతుంది. ఇంజిన్‌లోంచి పొగ భళ్ళున బయటపడినప్పుడు ఒక తరంగం పుట్టి పైపులో పరుగెత్తుతుంది, వేడి పొగలో సెకనుకి 500 మీటర్ల పైచిలుకు వేగంతో. పైపు మళ్ళీ సన్నబడే చోట అది గోడకి కొట్టిన బంతిలా వెనక్కి తిరుగుతుంది. తిరిగొచ్చి, జారిపోయిన కొత్త పెట్రోల్ గాలిని మళ్ళీ సిలిండర్‌లోకి నెట్టేస్తుంది. అప్పుడే పిస్టన్ పైకొచ్చి కన్నం మూసేస్తే ఆ సరుకంతా లోపలే చిక్కుతుంది. ఊయలని సరైన క్షణంలో తోయడమంటే ఇదే.

కానీ పైపు పొడవు మారదు కదా. తరంగం తిరిగి రావడానికి పట్టే సమయమూ పెద్దగా మారదు. మారేది ఇంజిన్ వేగం. నిమిషానికి 9000 చుట్లంటే సెకనుకి 150. 3000 అంటే సెకనుకి 50 మాత్రమే. పెద్ద వేగంలో తరంగం సరిగ్గా సమయానికి వస్తే, చిన్న వేగంలో అది చాలా ముందే వచ్చేస్తుంది. ఊయల ఇంకా వెనక్కి వస్తుండగా తోసిన మా పక్కింటి పిల్లవాడిలా. అప్పుడు బండి గురగురమంటుంది. బాబాయి ఇంకాస్త రేజ్ చేస్తాడు, ఉన్నట్టుండి తరంగం సమయానికి రావడం మొదలవుతుంది, బండి ఎగురుతుంది, ఎదురుగా చెట్టు. ఇలా బలం ఒక్కసారిగా వచ్చే ఇంజిన్ వేగాల మేరని బండి నడిపేవాళ్ళు పవర్ బ్యాండ్ అంటారు. చిన్నీ అడిగిన దానికి జవాబు ఇదే: బండికి బలం తక్కువై కాదు, దాని బలం అడవి వేగానికి కుదరని సమయంలో వస్తోంది.

ఈ పైపు సంగతిని లోతుగా పట్టుకున్న మనిషి వాల్టర్ కాడెన్. తూర్పు జర్మనీలో ఎంజెడ్ అనే మోటార్‌సైకిల్ కంపెనీలో 1950లలో రేసింగ్ ఇంజిన్లు చేసేవాడు. డబ్బు లేదు, మంచి సామాను లేదు. పైపులో తరంగాలు ఎలా పోతున్నాయో ఆసిలోస్కోప్ మీద, అంటే తరంగాల్ని తెర మీద గీతలుగా చూపించే యంత్రం మీద చూస్తూ పైపుల ఆకారం మార్చుకుంటూ పోయాడు. 1961కి ఆయన 125 సీసీ ఇంజిన్ 25 హార్స్ పవర్ ఇచ్చింది. అదే ఏడాది ఆయన రేసర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ దేశం వదిలి పారిపోయి సుజుకీలో చేరాడు, ఆ విద్యా ఆయన వెంటే జపాన్‌కి పోయింది. బన్నూ, నువ్వు పెద్ద ఇంజిన్ అన్నావు చూడు, కాడెన్ ఇంజిన్ పెంచలేదురా. తోసే క్షణాన్ని పట్టుకున్నాడు.

సరే, బాబాయి ఏం చెయ్యాలి? ఊయల తాడు పొడవు పెంచితే అది నెమ్మదిగా ఊగుతుంది కదా. పైపు కూడా అంతే. తరంగం తిరిగే దూరం పెరిగితే, అది ఆలస్యంగా వస్తుంది, తక్కువ వేగానికి కుదురుతుంది. అందుకే అడవికి పోయేవాళ్ళు పై వేగంలో అరిచే రేసు పైపులు తీసేసి, కింద, మధ్య వేగాల్లో లాగే పైపులు పెడతారు. అవి ఫ్రేమ్ లోపలికి ఒదిగి ఉండేవైతే మరీ మంచిది. పక్కకి పొడుచుకొచ్చిన పైపుని మొద్దులు వదలవు. సొట్ట పడితే లోపలి ఆకారం మారుతుంది, ఆకారం మారితే తరంగం లెక్క తప్పుతుంది.

ఊయలలో బరువైన పిల్లవాడు కూర్చుంటే? కదలడం ఆలస్యం, కదిలాక ఆగడమూ ఆలస్యం. ఇంజిన్ పక్కన తిరిగే ఫ్లైవీల్ అనే బరువైన చక్రానికి ఇంకాస్త బరువు చేరిస్తే అదే జరుగుతుంది. పికప్ కొంచెం మందగిస్తుంది, కానీ వేరుకి చక్రం తగిలినప్పుడు ఇంజిన్ టక్కున ఆగిపోదు. ఇసుకలో పరుగెత్తేవాడు ఫ్లైవీల్ బరువు తగ్గిస్తాడు, అడవిలో తిరిగేవాడు పెంచుతాడు. ఒకే భాగం, ఇద్దరికీ రెండు రకాల న్యాయం.

గేర్ల లెక్క సులువు. బాన్షీకి చైను ముందు పళ్ళచక్రానికి 14 పళ్ళు, వెనక దానికి 41. ముందు ఒక్క పన్ను తగ్గించి 13 వేస్తే, అదే వేగంలో ఇంజిన్ ఇంచుమించు 8 శాతం ఎక్కువ తిరుగుతుంది. అంటే నెమ్మదిగా పోతున్నా ఇంజిన్ తన బలమున్న చోటికి కాస్త దగ్గరగా ఉంటుంది, క్లచ్ అస్తమానం పట్టుకోనక్కర్లేదు. అదే తేడా వెనక చక్రంలో తేవాలంటే మూడు పళ్ళు పెంచాలి. భాగహారం చేసి చూడండి, సెలవుల్లో చేతులు ఖాళీగానే ఉంటాయిగా. టాప్ స్పీడ్ తగ్గుతుంది. చెట్ల మధ్య టాప్ స్పీడ్ ఎవరికి కావాలి?

పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బురేటర్ దగ్గర మాత్రం ఓపిక పట్టాలి. అందులో పెట్రోల్ కొలిచి వదిలే చోట్లు మూడు. జెట్ అంటే సన్నటి కన్నం. యాక్సిలరేటర్ పావు వంతు దాకా పైలట్ జెట్‌ది పెత్తనం, పావు నుంచి ముప్పావు దాకా సూదిది, ఆ పైన మెయిన్ జెట్‌ది. కుర్రాళ్ళు మెయిన్ జెట్ గురించే మాట్లాడతారు. అడవిలో అసలు పని పైలట్ జెట్, సూదిలది. పెట్రోల్ ఎక్కువైతే ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై ప్లగ్ నల్లగా తడుస్తుంది. తక్కువైతే బండి చురుగ్గా ఉన్నట్టే అనిపిస్తుంది, లోపల మాత్రం పిస్టన్ వేడెక్కి చివరికి సీజ్ అవుతుంది. చలిలో గాలి చిక్కగా ఉంటుంది, పెట్రోల్ కాస్త ఎక్కువ కావాలి. ఎత్తైన కొండ మీద గాలి పల్చన, తక్కువ చాలు. ఇంకో సంగతి, ఈ ఇంజిన్‌కి ఆయిల్ కూడా పెట్రోల్‌తోనే అందుతుంది. పొడవైన దిగుడులో యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి జారిపోతే పెట్రోల్ బాగా తగ్గుతుంది, దానితో పాటు ఆయిలూ తగ్గుతుంది. అందుకని మధ్యమధ్యలో ఒకసారి రేజ్ చెయ్యాలి. ఫోర్ స్ట్రోక్ బండిలా ఇంజిన్ పెద్దగా వెనక్కి పట్టదు కూడా, భారమంతా బ్రేకుల మీదే.

ఆ బండికి రేడియేటర్ ఉంది, ఫ్యాన్ లేదు. పరుగెత్తితేనే గాలి తగులుతుంది. నెమ్మదిగా బురదలో దొర్లితే రేడియేటర్ రెక్కలు మూసుకుపోయి వేడెక్కుతుంది. మొదట కడగాల్సింది దాన్నే, మెరిసే ప్లాస్టిక్‌ని కాదని బాబాయికి చెప్పండి.

షాక్ అబ్జార్బర్ల దగ్గర మళ్ళీ మన ఊయలే పనికొస్తుంది. ఊయల ఆపాలంటే కాళ్ళు నేలకి రాస్తారు. షాక్ లోపలి ఆయిల్ చేసేదీ ఆ రాపిడే. అది తక్కువైతే వేరు దాటిన చక్రం స్ప్రింగుతో పాటు ఎగిరి మిమ్మల్ని సీటు మీంచి తన్నుతుంది. మరీ ఎక్కువైతే ఒక వేరు దాటి పైకి లేవకముందే రెండో వేరు వస్తుంది, చక్రం అణిగే ఉండిపోతుంది. ఎగుడుదిగుడు ఇసుకలో దూకడానికి గట్టిగా బిగించిన షాకులు అడవిలో మెత్తబరచాలి. టైర్లలో గాలి 4, 5 పీఎస్ఐ చాలు. కారు టైరులో 30 పైనే ఉంటుంది, తెలుసుగా. మెత్తటి టైరు వేరుని చుట్టుకుని పట్టుకుంటుంది. ఇంకా తగ్గిస్తే రాయి తగిలి రిమ్ సొట్టపోతుంది.

బండి వెడల్పు 110 సెంటీమీటర్లు ఉంటుంది. ఇసుకలో, రేసుల్లో బోల్తా పడకుండా ఇంకా వెడల్పు చేస్తారు. అడవికి వెళ్ళేటప్పుడు ఆ వెడల్పు కోసం చక్రాల దగ్గర పెట్టిన స్పేసర్లనే దిమ్మెలు తీసెయ్యాలి. చక్రం చెట్టుకి తగిలితే హ్యాండిల్ చేతుల్లోంచి విసురుగా తిరుగుతుంది, మణికట్టు విరగడానికి అది చాలు. అందుకే స్టీరింగ్‌కి ఆ విసురుని తగ్గించే డాంపర్, చేతులకి గార్డులు. కాలు జారి వెనక చక్రం కిందకి పోకుండా పక్కన నెర్ఫ్ బార్లు, వాటి మధ్య వల. మిగతావన్నీ ఆలస్యంగా కొన్నా ఫరవాలేదు కానీ ఇవి లేకుండా బాబాయిని అడవి మొహం చూడనివ్వకండి. మీ ఇద్దరి సంగతి వేరే చెప్పాలా? 16 ఏళ్ళు నిండనివాళ్ళు నడపకూడదని ఇలాంటి బండి మీదే హెచ్చరిక అంటించి అమ్ముతారు. "ఒక్క రౌండే కదా తాతయ్యా" అంటూ మళ్ళీ ఉత్తరం రాయొద్దు.

ఇక మలుపులు. ఇక్కడ నా ఊయల పనికిరాదు, దాన్ని చెట్టుకే వదిలేద్దాం. ఈ బండి వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకి బిగించి ఉంటాయి, రెండు చక్రాల్నీ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ కారులో ఉంటుంది, దీనికి లేదు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. రెండూ ఒకే లెక్కన తిరుగుతుంటే ఎలా కుదురుతుంది? కుదరదు. ఏదో ఒకటి జారాలి. అందుకే హ్యాండిల్ తిప్పినా బండి మొండిగా నేరుగా పోతుంది. నేర్పరి ఒంటి బరువు మార్చి, యాక్సిలరేటర్ కొద్దికొద్దిగా నొక్కి, వెనక భాగాన్ని తనకి కావలసినంతే జారనిస్తాడు. కొద్దికొద్దిగా నొక్కితే కొద్దికొద్దిగా బలం ఇచ్చే ఇంజిన్ ఉంటేనే అది సాధ్యం. పైపు, ఫ్లైవీల్, జెట్లు అంటూ నేను ఇంతసేపు సతాయించింది ఈ ఒక్క మలుపు కోసమే.

ఏ చక్రం ఎలా జారుతుందో మాత్రం నేను రాయను. వాన పడి నేల మెత్తబడ్డాక, ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు, బాబాయిని పక్కన పెట్టుకుని బండిని న్యూట్రల్‌లో పెట్టండి. హ్యాండిల్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి, గుండ్రంగా ఒక చుట్టు తోయండి. బరువుగా ఉంటుంది, ముగ్గురూ పట్టండి. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని రెండు వెనక చక్రాల గుర్తులూ చూడండి, అచ్చు ఎక్కడ శుభ్రంగా పడిందో, మట్టి ఎక్కడ చెరిగిందో. నాన్నని కారు కూడా అలాగే ఒక చుట్టు తిప్పమని అడిగి, ఆ గుర్తులు పక్కనే పెట్టి పోల్చండి. చిన్నీ బొమ్మ గీసి పంపాలి, బన్నూ కొలతలు రాయాలి.

మీ తాతయ్య