మేకు కొట్టే ముందు

అమ్మడూ, చిన్నోడా,

రాజమండ్రిలో మీ కొత్త ఫ్లాటు హాలు ఫొటో వాట్సాప్‌లో చూశాను. సోఫా వెనక గోడ తెల్లగా, బోసిగా ఉంది. "అమ్మమ్మా, ఈ గోడ నిండా మన ఫొటోలు పెట్టేస్తాం, ఎలా పెట్టాలో చెప్పు" అన్నారు. ఫోన్లో చెబితే సగం విని సగం వదిలేసే రకం మీరు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఆఖరిదాకా చదివాకే సుత్తి ముట్టుకోండి.

వశిష్ఠ గోదారి పక్క లంకలో మా పుట్టిల్లు మండువా లోగిలి. హాల్లో, పైకప్పుకి కాస్త కిందగా, గోడ చుట్టూ ఒక టేకు బద్దె ఉండేది. పటాలన్నీ ఆ బద్దెకి కొట్టిన మేకులకే వేలాడేవి. రవివర్మ లక్ష్మి, సరస్వతి, రాములవారి పట్టాభిషేకం, కాటన్ దొర, ఆ తర్వాత మా తాతగారు, ఆయన నాన్నగారు. పాత సున్నపు గోడలో మేకు కొడితే పెచ్చు ఊడి వచ్చేది గానీ మేకు నిలిచేది కాదు, అందుకని ఆ బద్దె. పటాలన్నీ ముందుకి వంగి, "ఏం చేస్తున్నార్రా అక్కడ" అని మమ్మల్ని గదమాయిస్తున్నట్టు ఉండేవి. ఆ వంపు కావాలని పెట్టిందే. ఫ్రేము వెనక తాడు కట్టే కొక్కేలు ఎంత కిందకి బిగిస్తే పటం అంత ముందుకి వాలుతుంది. అలా వాలితే కిటికీ వెలుగు అద్దంలో మెరవదు, కిందనుంచి చూసేవాళ్ళకి బొమ్మ తిన్నగా కనిపిస్తుంది.

అంత పైన ఎందుకు పెట్టారని మీరు అడుగుతారు. నేనూ అడిగాను, చిన్నప్పుడు ఎవరూ జవాబు చెప్పలేదు. 1986 ఆగస్టులో గోదారి చెప్పింది. గట్టు తెగి ఇంట్లోకి మొలలోతు నీళ్ళొచ్చాయి. మంచం కింద ట్రంకు పెట్టెలో ఉన్న ఆల్బమ్‌లు గుజ్జయిపోయాయి. బద్దెకి వేలాడుతున్న ముసలాళ్ళు మాత్రం ఒక్క చుక్క తగలకుండా పైనుంచి అంతా చూస్తూ ఉన్నారు. అప్పట్నుంచి మా అమ్మ బతికున్నంతకాలం ఏ పటాన్నీ కిందకి దించనివ్వలేదు. ఆవిడ భయం ఆవిడది. మీది మూడో అంతస్తు, మీకా భయం లేదు. ఫొటోల్ని మొహంలో మొహం పెట్టి చూసేలా పెట్టుకోండి. మా తాతగారికి ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఉందని నాకు యాభయ్యేళ్ళు దాటాక, పటం తుడవడానికి దించినప్పుడు తెలిసింది. మీకు అలా కాకూడదు.

ముందు ఏ ఫొటోలు పెట్టాలన్నది తేల్చుకోండి. గొడవంతా ఇక్కడే వస్తుంది. మీ అమ్మ అప్పుడే ఫోన్ చేసింది, పోయినవాళ్ళనీ ఉన్నవాళ్ళనీ ఒకే గోడకి పెట్టకూడదు కదమ్మా అని. దాని మాట తీసెయ్యకండి, మనసుకి కష్టంగా ఉంటుంది. దండ వేసి బొట్టు పెట్టిన పటాల్ని వాటి చోట వాటిని ఉంచండి. ఈ గోడకి వాళ్ళు బతికుండగా తీసినవి వెతకండి. మీ ముత్తవ్వ అంటే మీకు దండలో కదలకుండా కూర్చున్న మనిషే. ఆవిడ కాలవ రేవులో చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, బిందె చంకన పెట్టుకుని, ఎవరినో తిడుతూ ఉన్న ఫొటో ఒకటుంది నా దగ్గర. అది పెట్టుకోండి. మీ అమ్మ ఏమీ అనదు, నవ్వుతుంది.

అలాంటివి పదకొండో పన్నెండో చాలు. పెళ్ళి ఫొటోలు మాత్రం ఒకటి రెండుకి మించకండి, పెళ్ళిలో అందరి మొహాలూ ఒకేలా ఉంటాయి. ఫొటోలే అక్కర్లేదు కూడా. చిన్నోడు ఒకటో తరగతిలో గీసిన పడవ బొమ్మ, తాతయ్య తొలి జీతం కాగితం, అలాంటివి రెండు మూడు మధ్యలో పడితే గోడకి ప్రాణం వస్తుంది. ఫ్రేములన్నీ ఒకేలా ఉండాలని పట్టుబట్టకండి గానీ రంగులు రెండు దాటనివ్వకండి. నలుపూ, టేకు రంగూ అయితే పాతవాటికీ కొత్తవాటికీ సరిపోతాయి.

ఇక ఫ్రేము కట్టించేటప్పుడు ఒక్క మాట గట్టిగా చెప్పండి షాపతనికి, మౌంటు వెయ్యమని. మౌంటంటే ఫొటో చుట్టూ పెట్టే ఆ దళసరి అట్ట. అది అందానికి అనుకుంటారు. దాని అసలు పని ఫొటోని అద్దానికి తగలకుండా ఆపడం. మన గాలిలో తేమ ఎంతుంటుందో మీకు తెలుసు, ఉప్పు డబ్బా మూత తీసి ఉంచితే సాయంత్రానికి నీరు కారుతుంది. ఆ తేమకి ఫొటో మీది జిగురు పొర ఉబ్బి అద్దాన్ని పట్టేస్తుంది. ఆ వరదల్లో బల్ల మీద నిలబెట్టి ఉన్న నా పెళ్ళి ఫొటో అలాగే అతుక్కుపోయింది. ఆత్రం కొద్దీ మూల పట్టుకుని లాగాను. మీ తాతయ్య మొహం అద్దంతో పాటు వచ్చేసింది, నా మొహం అట్ట మీద మిగిలింది. ఎప్పుడైనా మీకూ అలా అయితే లాగకండి. అద్దంతో సహా స్కాన్ చేయించి, కాపీ ఫ్రేము కట్టించుకోండి. ఆ మాటకొస్తే పాత ఫొటోలన్నిటికీ అదే మంచిది. గోడ మీద కాపీ, పెట్టెలో అసలుది. వెలుగు తగిలే గోడ మీద ఎంత మంచి ఫొటో అయినా కొన్నేళ్ళకి వెలిసిపోతుంది.

తేమ గురించే ఇంకోటి. మీ సోఫా వెనక గోడ లోపలి గోడే కదా? బయటి గోడైతే వద్దు. వానాకాలంలో చెమ్మ లాగుతుంది, పటం వెనక బూజు పడుతుంది, తర్వాత రామబాణం పురుగు చేరుతుంది. బాత్రూము గోడకి ఆవలి పక్కయినా అంతే. ఎక్కడ పెట్టినా ప్రతి పటం వెనక, కింది రెండు మూలల్లో చిన్న రబ్బరు ముక్కలు అంటించండి. గోడకీ పటానికీ మధ్య గాలి ఆడుతుంది, పటం పక్కకి జరగదు కూడా. పాత హవాయి చెప్పులోంచి కోసిన ముక్క చాలు.

అన్నీ వచ్చాక గోడ జోలికి వెళ్ళకుండా నేల మీద దుప్పటి పరిచి దాని మీద పేర్చండి. మీ సోఫా ఆరడుగులన్నారు. పటాల గుంపు దాని వెడల్పులో మూడింట రెండొంతులు, అంటే నాలుగడుగులు పరుచుకుంటే కంటికి కుదురుగా ఉంటుంది. పెద్ద పటాన్ని సరిగ్గా నడిమధ్య పెట్టకండి, కొలువు తీరినట్టు ఉంటుంది. కాస్త పక్కకి జరిపి, రెండో పక్క రెండు మూడు చిన్నవి పెట్టి బరువు సరిచెయ్యండి. పటానికీ పటానికీ మధ్య మూడు వేళ్ళు పట్టేంత ఖాళీ, దాదాపు రెండంగుళాలు. ఆ ఖాళీ అన్నిచోట్లా ఒకేలా ఉంటే పటాల సైజులు ఎలా ఉన్నా గుంపంతా ఒకే బొమ్మలా కనిపిస్తుంది. ఒకచోట రెండంగుళాలు, ఇంకోచోట ఐదు అయితే సంతలో పరిచిన సామానే. పేర్చాక కుర్చీ ఎక్కి పైనుంచి ఫోన్లో ఫొటో తియ్యండి. మార్చండి, మళ్ళీ తియ్యండి. నాలుగైదుసార్లు మార్చాక గానీ కుదరదు, విసుక్కోకండి.

ఎత్తు లెక్క చెబుతాను, అమ్మడు రాసుకో. మ్యూజియాల్లో బొమ్మ నడిమి భాగం నేల నుంచి 57 అంగుళాలు, అంటే 4 అడుగుల 9 అంగుళాల ఎత్తులో ఉండేలా పెడుతుంటారు. నిలబడ్డ మనిషి కన్ను దాదాపు అక్కడుంటుంది. ఒక్క పటమే పెడుతున్నారనుకో. పటం పొడవు 16 అంగుళాలు. వెనక తీగని వేలితో పైకి లాగితే అది ఫ్రేము పై అంచుకి 3 అంగుళాల కింద ఆగింది. 57కి పటంలో సగం 8 కలిపి, 3 తీసెయ్యి. 62. మేకు 5 అడుగుల 2 అంగుళాల దగ్గర. మీ తాతయ్య ఆ తీగ సంగతి ఎప్పుడూ మర్చిపోయేవారు. మేకు కొట్టి, పటం తగిలించి, కిందకి దిగి, "కాస్త కిందకుందే" అని మళ్ళీ కొట్టేవారు. మా పడగ్గదిలో క్యాలెండరు వెనక ఇప్పటికీ ఆరు బెజ్జాలున్నాయి.

గుంపుగా పెట్టేటప్పుడు గుంపంతటినీ ఒకే పటం అనుకుని దాని నడుము ఆ ఎత్తుకి తేవాలి. సోఫా ఉంది కాబట్టి మీ లెక్క కాస్త పైకి జరుగుతుంది. సోఫా వీపు పైనుంచి ఎనిమిది అంగుళాలు వదిలేసి మొదలెట్టండి. తలకి కొబ్బరి నూనె రాసుకునే జాతి మనది, వెనక్కి వాలితే ఫ్రేములకి జిడ్డు పడుతుంది.

ఇప్పుడు పాత న్యూస్‌పేపర్లు తీసుకుని ఒక్కో పటం సైజుకి ఒక్కో కాగితం కత్తిరించండి. నేను జాకెట్టుకి పేపరు కటింగు చేసుకునేదాన్ని చూశారుగా, అంతే పని. ప్రతి కాగితం మీద ఏ పటమో రాసి, మేకు ఎక్కడ పడాలో తీగ లాగి కొలిచి చుక్క పెట్టండి. పేపరు టేపుతో గోడకి అంటించి రెండు రోజులు వదిలెయ్యండి. టీ తాగుతూ చూడండి, రాత్రి లైటు వేసి చూడండి. ఏదో ఒకటి కచ్చితంగా జరపాలనిపిస్తుంది. కాగితమే కదా, జరపండి. కుదిరాక ఆ చుక్క మీదే బెజ్జం వేసి కాగితం చింపెయ్యొచ్చు.

వరస తిన్నగా వచ్చిందో లేదో చూడ్డానికి రసమట్టం కొనక్కర్లేదు. మేస్త్రీలు చేసినట్టు సన్నటి పారదర్శకం గొట్టంలో నీళ్ళు పోసి రెండు కొసలూ గోడకి ఆనించండి. గాలి బుడగ లేకుండా చూసుకుంటే చాలు, రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తున ఆగుతాయి. ఎంత దూరమైనా అబద్ధం చెప్పదు. మన డెల్టా అంతా మట్టం చూసి నిలబెట్టిందే కదా. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాక, ఆ నీళ్ళు కాలవల్లో పడి మా ఊరి చేలదాకా రావడానికి మోటారేమీ లేదు, నేల వాలే. కాటన్ దొర పటం ఊరికే పెట్టుకోలేదు మా వాళ్ళు. అయితే ఒక చిక్కుంది. ఫ్లాట్లలో పైకప్పూ, తలుపు చట్రాలూ ఒక్కోసారి మట్టంలో ఉండవు. నీళ్ళు తిన్నగా ఉందన్నా, పక్కనున్న చట్రంతో పోలిస్తే వంకరగా అనిపిస్తుంది. అప్పుడు నీళ్ళ మాట కాదు, కంటి మాట వినండి.

డ్రిల్లింగ్ మిషన్ పక్కింటివాళ్ళది ఉందన్నారు. స్విచ్ బోర్డుకి తిన్నగా పైన గానీ కింద గానీ బెజ్జం వెయ్యకండి, గోడ లోపల వైర్లు మామూలుగా ఆ దారినే వెళ్తాయి. మీ తాతయ్య సరిగ్గా అక్కడే వేశారు ఒకసారి. టప్పుమంది, ఇంట్లో కరెంటు పోయింది, ఆయన స్టూలు మీద సుత్తి పట్టుకుని హనుమంతుడిలా నిలబడిపోయారు. ఏమీ కాలేదు కాబట్టి ఇప్పుడు నవ్వుకుంటున్నాం. డ్రిల్లింగ్ పని మీ నాన్న చేస్తాడు, మీరు కింద కవరు పట్టుకోండి పొడి పడకుండా. ఆ పొడిని గమనించండి. ముందు బూడిద రంగులో వస్తుంది, అది ప్లాస్టరింగు. అరంగుళం లోపలికి వెళ్ళాక ఎర్రగా మారితే మట్టి ఇటుక తగిలిందన్నమాట. అక్కణ్ణుంచి ఇంకో అంగుళం వెళ్ళాలి. ప్లాస్టరింగులోనే ఆగిపోయిన మేకు ఇవాళ కాకపోతే రేపు ఊడుతుంది. 6 మిల్లీమీటర్ల బెజ్జం, దానికి సరిపడా ప్లాస్టిక్ ప్లగ్గు, అందులో స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూ. మామూలు ఇనుము మన గాలికి తుప్పు పట్టి గోడ మీద ఎర్రటి చార దింపుతుంది. వెడల్పు పటాలకి రెండు స్క్రూలు పెట్టండి, ఒకదానికి వేలాడితే తలుపు వేసినప్పుడల్లా వంకర పోతాయి.

ఆ అంటించే హుక్కులు వద్దు. కిందటి వానాకాలం మీ పిన్ని వాటితో పెట్టింది. రెండడుగుల పటం, అడుగున్నర వెడల్పు. 3 మిల్లీమీటర్ల అద్దం ఒక్కటే రెండు కిలోలుంటుంది. అర్ధరాత్రి దభాలున చప్పుడైతే పిల్లి అనుకుని పడుకున్నాం. పొద్దున్న చూస్తే గోడ రంగు పొరతో సహా ఊడి వచ్చింది.

మొదలెట్టే ముందు ఒక సాయంత్రం మీ ఊళ్ళోనే ఉన్న దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళి రండి. ఆయన 1897లో పుట్టి, 1925లో మశూచి సోకి, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయారు. ఆ కాస్త వయసులో వేసిన బొమ్మలు చూడండి. ఒక్కో బొమ్మ ముందు ఎంత దూరంలో మీ కాళ్ళు వాటంతటవే ఆగుతున్నాయో గమనించండి. పెద్ద బొమ్మకి వెనక్కి జరుగుతారు, చిన్నదానికి దగ్గరకి పోతారు. ఆ లెక్కనే మీ గోడ మీద చిన్న ఫొటోలు అంచుల్లో, మనిషి దగ్గరకి రాగలిగే చోట పెట్టుకోండి. సోఫా నడుమ వెనక పెడితే ఎవరూ దగ్గరకి రాలేరు.

రేవు ఫొటోతో పాటు నేను అల్లిన నరసాపురం లేసు ముక్క ఒకటి పంపుతున్నాను. పెళ్ళికి ముందు అల్లింది, మా వీధి అరుగుల మీద ఆడవాళ్ళమంతా కూర్చుని అల్లేవాళ్ళం. దాన్ని జిగురుతో అంటించనివ్వకండి, పచ్చబడిపోతుంది. ముదురు నీలం గుడ్డ మీద సన్నటి దారంతో అక్కడక్కడ కుట్టి, కాస్త లోతున్న ఫ్రేములో పెట్టించండి. రేపు పొద్దున్న బస్సులో మీ మావయ్య తెస్తాడు. రేవు ఫొటో పాత ఫ్రేముతోనే ఉంది, అద్దం పగలకుండా నా నేత చీర చుట్టాను. చీర జాగ్రత్తగా మడిచి వాడి చేతికే తిరిగి ఇచ్చెయ్యండి, సంక్రాంతికి కట్టుకోవాలి.

మీ అమ్మమ్మ