వైస్రాయ్స్ హౌస్: ఫిరోజ్‌పూర్ గీత దగ్గర తేలే తగవు

గురీందర్ చద్దా తీసిన ‘వైస్రాయ్స్ హౌస్’ 2017 మార్చిలో బ్రిటన్‌లోనూ, ఆగస్టులో ‘పార్టిషన్: 1947’ పేరుతో హిందీలోనూ విడుదలైంది, పాకిస్తాన్‌లో నిషేధానికి గురైంది. విభజనకు బాధ్యులెవరన్న వాదన లేచినప్పుడల్లా ఈ సినిమా మళ్లీ చర్చకు వస్తోంది. వైస్రాయ్ భవనంలో కొలువు చేసే హిందూ యువకుడు, ముస్లిం యువతి ప్రేమకథను అటుంచితే, అసలు తగవు ఒక పటం గురించి.

జిన్నా, ఆయన ముస్లిం లీగ్, అధికార బదిలీ చర్చలకు వచ్చిన బ్రిటిష్ మంత్రుల బృందం ‘క్యాబినెట్ మిషన్’ సంగతులు పాఠకులకు తెలిసినవే. సోవియట్ యూనియన్‌కు అడ్డుగా వాయవ్యంలో బ్రిటన్‌కు అనుకూలమైన రాజ్యం ఉండాలని చర్చిల్ హయాంలోనే, 1945లో, సరిహద్దు గీసి ఉంచారని, ఏమీ తెలియని చివరి వైస్రాయ్ మౌంట్‌బాటన్‌ను పావుగా వాడుకున్నారని సినిమా అంటుంది. మాజీ దౌత్యవేత్త నరేంద్ర సింగ్ సరీలా పరిశోధన దీనికి ఆధారం. అయితే 1946 ఫిబ్రవరిలో అప్పటి వైస్రాయ్ వేవెల్ లండన్‌కు పంపిన సరిహద్దు ప్రతిపాదనను రూపొందించింది భారతీయ అధికారులు వి.పి. మీనన్, బి.ఎన్. రావు, అప్పటికి చర్చిల్ అధికారంలోనే లేరు.

సినిమా పాలకుల తప్పును తేలిక చేసి ముస్లింలపై నింద మోపిందని పాకిస్తానీ రచయిత్రి ఫాతిమా భుట్టో విమర్శించారు. చద్దా ఆ ఆరోపణను తోసిపుచ్చి, ఇది తన కుటుంబ కథ అన్నారు. ఆమె పూర్వీకులది జీలం ప్రాంతం. విభజన నాటి వలసలో వారింటి పసిబిడ్డ ఆకలితో చనిపోయింది. ఆ దుఃఖాన్ని ఎవరూ శంకించరు. పేచీ అంతా మౌంట్‌బాటన్ అమాయకత్వం దగ్గరే.

దానికి సమాధానం 1947 ఆగస్టు రెండో వారంలో ఉంది. జులై 8న తొలిసారి భారత్‌లో అడుగుపెట్టిన బ్రిటిష్ న్యాయవాది, సరిహద్దు గీసే బాధ్యత అప్పగించిన రాడ్‌క్లిఫ్ అయిదు వారాల్లో పని ముగించవలసి వచ్చింది. ఆగస్టు 8న వైస్రాయ్ ఆంతరంగిక కార్యదర్శి జార్జ్ ఎబెల్ నుంచి పంజాబ్ గవర్నర్ ఈవాన్ జెంకిన్స్‌కు వెళ్లిన చిత్తు పటంలో, ముస్లింలు అధికంగా ఉన్న ఫిరోజ్‌పూర్, జీరా తహశీళ్లు పాకిస్తాన్ వైపు ఉన్నాయి. సట్లెజ్ నీటిని కాలువలకు మళ్లించే హెడ్‌వర్క్స్, ఆయుధాగారం అక్కడే ఉన్నాయి. బికనీర్ కాలువకు నీరూ అక్కడి నుంచే రావాలి. నెహ్రూ, బికనీర్ మహారాజు అభ్యంతరం తెలిపారు. రెండు మూడు రోజులకే, భారత్ వైపు పొడుచుకొచ్చిన ఆ భాగాన్ని తీసేయమంటూ రెండు మాటల తంతి లాహోర్ చేరింది. తుది తీర్పులో ఆ తహశీళ్లు భారత్‌కు వచ్చాయి.

తాను జోక్యం చేసుకోలేదనే మౌంట్‌బాటన్ చివరిదాకా అన్నారు. రాడ్‌క్లిఫ్ కాగితాలన్నీ తగలబెట్టారు. ఇద్దరూ పోయాక, 1992లో, రాడ్‌క్లిఫ్ కార్యదర్శి క్రిస్టఫర్ బోమాంట్ నోరు విప్పారు: తనను పిలవకుండా జరిగిన ఒక మధ్యాహ్న భోజనంలో మౌంట్‌బాటన్ ఒత్తిడి తెచ్చి గీత మార్పించారని ఆయన వాంగ్మూలం. ఇది సినిమాకు పాతికేళ్ల ముందే పత్రికల్లో వచ్చింది. అయినా చిత్రకథకు ఇరుసుగా నిలిచింది 1945 నాటి పటమే.

ఆగస్టు 12కు సిద్ధమైన తీర్పును 17 వరకు బయటపెట్టలేదు. ఈలోగా, తీర్పులో చాలా భాగం భారత్‌కు దక్కిన గురుదాస్‌పూర్‌లో పాకిస్తాన్ జెండా ఎగిరింది, తర్వాత దించవలసి వచ్చింది. జెంకిన్స్ వెళ్తూ వెళ్తూ ఆ చిత్తు పటాన్ని లాహోర్‌లోని ఇనప్పెట్టెలోనే వదిలేశారు. అది పాకిస్తాన్ పంజాబ్ తొలి గవర్నర్ ఫ్రాన్సిస్ మూడీ చేతికి దొరికింది.