తెలుగు క్రైస్తవ సంఘాల్లో తరాల మధ్య విశ్వాసం: వెనకటి కథ

చిన్నప్పుడు సండే స్కూలుకు క్రమం తప్పకుండా వచ్చిన పిల్లలు ఇంటర్ దాటాక గుడి గడప తొక్కడం లేదని తెలుగు క్రైస్తవ సంఘాల పెద్దలు వాపోతుంటారు. తప్పంతా ఫోన్లదేనని తేల్చేస్తారు. ఈ చిక్కు ఫోన్ల కంటే చాలా ముందుది.

1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు చేరాడు. అదే ఏడాది తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్య మాదిగ, తోళ్ల వ్యాపారి. ఊరూరా తిరిగి తన వాళ్లకు తనే చెప్పుకున్నాడు. కొత్త నమ్మకం దొరల ప్రసంగాల కంటే బంధుత్వాల దారినే ఎక్కువగా పాకింది.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. కూలి కోసం మతం మారారన్న మాట పడకూడదని ఆ పనులు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు తెలుగు బోధకులు వంతులవారీగా, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలబడి ఆ పని పూర్తి చేశారు. ఆ ఏడాది చివరికి బాప్తిస్మాల సంఖ్య 9 వేలు దాటింది.

వాళ్లలో చాలామందికి అక్షరం ముక్క రాదు. బైబిలు చేతికిస్తే చదివేదెవరు? అక్కడ ఆదుకుంది కీర్తన. పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చిన పురుషోత్తమ చౌదరి (1803-1890) లాంటివాళ్లు భజన బాణీల్లో, కర్ణాటక రాగాల్లో పాటలు కట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ఇప్పటికీ పాట తల మీద రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. చదువురాని అవ్వ కూడా రోట్లో దంపుతూ పల్లవి, చరణాలు వరసగా పాడేది. పక్కన ఆడుకునే మనవరాలికి సృష్టి నుంచి సిలువ దాకా పాటలోనే వచ్చేసేది. మన సండే స్కూలు పుస్తకాలేవీ ఈ పద్ధతికి సాటి రావని నా అభిప్రాయం.

రెండో ఆసరా పల్లె ఉపదేశి. పగలు బడి చెప్పేదీ, రాత్రి లాంతరు వెలుగులో ప్రార్థన పెట్టేదీ ఆయనే. పలకా బైబిలూ ఒకే చేతి మీదుగా అందేవి. స్వాతంత్ర్యం తర్వాత పల్లెలకు ప్రభుత్వ బడులు వచ్చాయి. మంచిదే. కానీ వారమంతా నడిచిన నేర్పు ఆదివారం గంటకు కుదించుకుపోయింది. అసలు తెగింది ఇక్కడేననిపిస్తుంది.

శాఖల మధ్య తేడా కూడా ఉంది. గుంటూరు వైపు లూథరన్లు, సీఎస్ఐ (దక్షిణ భారత సంఘం) వాళ్లు పసిపిల్లలకే బాప్తిస్మం ఇచ్చి, ఎదిగాక ఆ విశ్వాసాన్ని వాళ్ల నోటితోనే ఒప్పించే కన్ఫర్మేషన్ చేస్తారు. బాప్టిస్టులు అలా కాదు. ఎంత భక్తిపరుల బిడ్డయినా ఊహ తెలిశాక తనంతట తను నీళ్లలో దిగాల్సిందే. అంటే ప్రతి తరంలోనూ కథ మొదటికొస్తుంది. 1912లో దోర్నకల్ బిషప్పయిన వి.ఎస్. అజరయ్య బాప్తిస్మం పొందేవారి చేత తల మీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పలికించేవాడు. అందుకున్నవాడే అందించాలన్నది ఆయన లెక్క.

ఇక 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసిన ఆ ఉత్తర్వులోకి 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు బయటే ఉండిపోయారు. దళిత క్రైస్తవులు తెలుగు రాష్ట్రాల్లో వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సీ కిందికి వస్తారు, రిజర్వేషన్లలో వాటా ఒక శాతం. అందుకే ఎన్నో ఇళ్లలో బడి రిజిస్టర్లో ఒక పేరు, గుడిలో ఇంకో పేరు. కాలేజీ సీటు దగ్గర నాన్న హిందువని రాయించి, ఇంటికొచ్చి కుటుంబ ప్రార్థనలో మోకరిస్తుంటే పదిహేడేళ్ల కుర్రాడు ఏం నేర్చుకుంటాడు? ఆ తండ్రిని తప్పుపట్టడం నాకు చేతకాదు. ఈ హోదా విషయం తేల్చమని కేంద్రం 2022లో కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది.

ఈలోగా పిల్లలు పూర్తిగా గుడి మానేశారనీ చెప్పలేం. చాలామంది కీబోర్డు, డ్రమ్స్ ఉన్న స్వతంత్ర సంఘాలకు మారారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టినవాళ్లకు తెలుగు లిపి రాదు కాబట్టి, పాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో తెర మీద వేస్తున్నారు. తాళం మాత్రం చేత్తోనే వేస్తున్నారు.