ఎనిమిది కిలోల బంగారం ఎక్కడిది?

వరంగల్ చుట్టుపక్కల చాలా ఇళ్లలో మనుషుల బరువుకు ఆస్పత్రి చీటీలతో పని లేని ఒక లెక్క ఉంది. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తుంది. మొక్కుకున్నవాళ్లు కాంటా ఎక్కి తమ బరువుకు సరితూగే బెల్లం కొంటారు. సమ్మక్క, సారలమ్మలకు సమర్పించే ఆ బెల్లాన్ని బంగారం అంటారు. కొత్తవాడలో ఉండే మా మేనత్త 2022 జాతరకు 58 కిలోల బంగారం తూగింది. 2024లో 66 కిలోలు. తిండి పెంచింది లేదు, ఒళ్లు మాత్రం చేసింది. దిగులుపడి రక్తపరీక్ష చేయించుకుంటే, థైరాయిడ్ గ్రంథిని పనికి పురిగొల్పే టీఎస్‌హెచ్ అనే హార్మోను 6.4 అని వచ్చింది. చాలా ల్యాబులలో దాని పైహద్దు 4 నుంచి 4.5 దాకా ఉంటుంది. థైరాయిడ్ వదిలే హార్మోను టీ4 మాత్రం హద్దులోనే ఉంది. "నాకు థైరాయిడ్ వచ్చింది" అని ఆ సాయంత్రమే బంధువులందరికీ ఫోను చేసి చెప్పింది.

థైరాయిడ్ కొత్తగా రావడానికి అదేమీ జలుబు కాదు. గొంతు ముందు భాగాన సీతాకోకచిలుకలా అతుక్కుని అందరికీ పుట్టుకతోనే ఉంటుంది. బడి పుస్తకాలు దాన్నే అవటు గ్రంథి అంటాయి. గ్రంథి పేరే జబ్బు పేరై కూర్చుంది. సరిదిద్దే ఓపిక నాకు ఎప్పుడో పోయింది.

మన చెరువుల కింద తూము దగ్గర నీరు వదిలే నీరటి ఉంటాడు. పొలానికి నీరు తగ్గిందనిపిస్తే రైతు గట్టు మీదికి వచ్చి కేక వేస్తాడు. థైరాయిడ్ ఆ నీరటి అనుకుంటే, అది వదిలే నీరు టీ4. మెదడు కింద ఉన్న పీయూష గ్రంథి వేసే కేక టీఎస్‌హెచ్. ఈ రైతు బహు గాభరా మనిషి. టీ4 సగానికి పడితే టీఎస్‌హెచ్ సుమారు వంద రెట్లు ఎగబాకగలదు. అందుకే నీరు ఇంకా చాలినంత పారుతుండగానే కేక కాస్త పెరగవచ్చు. మా అత్త కాగితంలో కనిపించింది అదే: కేక పెరిగింది, పొలం ఎండలేదు.

మరి ఎనిమిది కిలోల మాట? థైరాయిడ్ నిజంగా మందగించినవారు కూడా ఆ కారణంగా పెరిగేది సాధారణంగా రెండు నుంచి నాలుగున్నర కిలోలే. అందులోనూ ఎక్కువ భాగం కొవ్వు కాదు, ఒంట్లో నిలిచిపోయిన ఉప్పూ నీరూ. జబ్బు బాగా ముదిరితే చర్మం కింద నీటిని పట్టి ఉంచే జిగురు పదార్థాలు పేరుకుంటాయి. ముఖం ఉబ్బుతుంది, కాలిని వేలితో నొక్కినా సొట్ట పడదు. టీ4 మామూలుగా ఉన్న మనిషి ఎనిమిది కిలోలు పెరిగితే ఆ నేరమంతా 6.4 మీద మోపడం అన్యాయం.

అసలు వరస తిరగబడి ఉండవచ్చు. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోనును వదులుతాయి. అది మెదడుకు చేరి టీఎస్‌హెచ్‌ను కొంచెం పైకి తోస్తుంది. ఊబకాయం ఉన్న పిల్లల్లోనూ పెద్దల్లోనూ ఈ స్వల్ప పెరుగుదల తరచూ కనిపిస్తుంది. బరువు తగ్గితే చాలామందిలో అదీ దిగుతుంది. అంటే ఒళ్లు చేయడం వల్లే అంకె పెరిగి ఉండవచ్చు. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఇదే, ఎందుకంటే ఎవరూ అటువైపు నుంచి ఆలోచించరు.

ఆ అంకె కూడా రాయి మీద చెక్కింది కాదు. టీఎస్‌హెచ్ అర్ధరాత్రి దాటాక ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది. పెద్ద జ్వరం నుంచి కోలుకుంటున్నప్పుడు కొన్నాళ్లు పెరిగి తగ్గుతుంది. వయసుతో కాస్త పైకి జరుగుతుంది. జుట్టు రాలకుండా చాలామంది మింగే బయోటిన్ మాత్రలు కొన్ని రకాల పరీక్షలను మోసగించి తప్పుడు అంకె చూపిస్తాయి; అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే ఈ విషయమై హెచ్చరించింది. కాబట్టి రెండు మూడు నెలలు ఆగి మళ్లీ చూడమని డాక్టరు చెబితే అది నిర్లక్ష్యం కాదు.

పక్కింటావిడకు అంత ఓపిక లేదు. తన 50 మైక్రోగ్రాముల థైరాయిడ్ మాత్రల సీసా తెచ్చి, రోజూ పరగడుపున ఒకటి వేసుకోమంది. అవసరం లేనివారికి ఆ మాత్ర మోతాదు మించితే గుండె లయ తప్పవచ్చు, ముట్లుడిగిన స్త్రీలలో ఎముకలు పలచబడవచ్చు. ఇలాంటి స్వల్ప తేడా ఉన్న 65 ఏళ్లు పైబడిన 737 మందిపై ఐరోపాలో జరిగిన పరిశోధన 2017లో వెలువడింది. ఏడాది తర్వాత చూస్తే అసలు మాత్ర వేసుకున్నవారికీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికీ నీరసంలో తేడా లేదు. మా అత్తకు 54 ఏళ్లే కనుక ఆ ఫలితం ఆమెకు అచ్చంగా వర్తించదు, కానీ సీసా మూత పెట్టించడానికి పనికొచ్చింది.

టీఎస్‌హెచ్ 10 దాటితే సంగతి వేరు. అప్పుడు సాధారణంగా మందు మొదలుపెడతారు. గర్భిణులకు, గర్భం కోరుకునేవారికి హద్దులే వేరు. గొంతు దగ్గర వాపు ఉన్నా ఆగకూడదు. థైరాయిడ్‌పై దాడి చేసే యాంటీబాడీలు ఉన్నాయో లేదో కూడా చూడాలి. ఇంగ్లండ్‌లోని విక్‌హామ్‌లో 20 ఏళ్లు సాగిన సర్వేలో, టీఎస్‌హెచ్ పెరిగి యాంటీబాడీలూ ఉన్న స్త్రీలలో ఏటా నూటికి నలుగురికి పైగా పూర్తిస్థాయి లోపంలోకి జారారు. మా అత్తకు యాంటీబాడీలు లేవు. పది వారాల తర్వాత టీఎస్‌హెచ్ 4.9.

ఇక మిగిలింది కొవ్వు లెక్క. కిలో కొవ్వుకు సుమారు 7,700 కేలరీలు. ఎనిమిది కిలోలను రెండేళ్లకు పంచితే రోజుకు 84 కేలరీలు, అంటే 22 గ్రాముల బెల్లం, నోట్లో పట్టేంత ముక్క. శరీరం ఇంత సూటిగా లెక్క కట్టదు. బరువు పెరిగేకొద్దీ కేలరీల ఖర్చూ పెరుగుతుంది. అయినా తేడా ఎంత చిన్నదో తెలుస్తుంది. తిండి పెరగలేదన్న మా అత్త మాట నేను నమ్ముతాను. తగ్గింది ఖర్చు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దరీలు నేసే ఇల్లు వారిది. మోకాళ్ల నొప్పితో 2022 వేసవిలో ఆమె మగ్గం దిగింది. ముప్ఫై ఏళ్లు కాళ్లూ చేతులూ ఆడించిన మనిషి కుర్చీకి అంటుకుపోయింది. ఆ నొప్పికి పొట్లంలో కట్టి ఇచ్చిన పేరులేని మాత్రలూ కొన్నాళ్లు వేసుకుంది. అలాంటి వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఆకలి, పొట్ట, ముఖం అన్నీ పెరుగుతాయి. దీర్ఘకాలం వాడితే ఉన్నట్టుండి మానడమూ ప్రమాదమే. ఆ పొట్లం గురించి డాక్టరు అడిగేదాకా ఆమెకు గుర్తే రాలేదు.

ఈ జనవరిలో మళ్లీ జాతర జరిగింది. భద్రకాళి చెరువు కట్ట మీద ఆమె సాయంత్రం నడక ఏడాదిగా సాగుతోంది, మాత్ర లేదు. కాంటా 64 చూపించింది. దుకాణదారు రెండు దిమ్మలు పక్కన పెడుతుంటే నా చెవిలో అడిగింది: "బంగారం తగ్గిందని తల్లులు అలగరు కదా?"