కెగ్గులో జెలటిన్: బీరు ఎలా తేటపడుతుంది?

తిరుపతి లాంటి ఊళ్లో కూర్చుని బీరు గురించి రాయడమేంటని కొందరు అడుగుతారు. మా బంధువుల్లో సగం మంది అమెరికాలో ఉన్నారు, అదీ సంగతి. ఇంటి వాడకానికి బీరు తయారు చేసుకోవచ్చని అక్కడి ఫెడరల్ చట్టం 1978లో ఒప్పుకుంది. మన దగ్గర లైసెన్సు లేకుండా చేస్తే ఎక్సైజ్ వాళ్లు ఊరుకోరు. డల్లాస్‌లో ఉండే మా పిన్ని కొడుక్కి ఇదే వ్యాపకం. చేసిన బీరును కెగ్గులో, అంటే లోహపు పీపాలో, నింపి పెడతాడు. మొన్న ఫోన్లో అడిగాడు: "కెగ్గులో జెలటిన్ పోస్తే రెండు రోజుల్లో బీరు అద్దంలా అయింది. అదేందన్నా, జెల్లీ మాదిరి గడ్డ కట్టలేదే?"

జెల్లీని గడ్డ కట్టించే ప్రోటీనే జెలటిన్, కానీ గడ్డ కట్టేంత అందులో లేదు. జెల్లీకి లీటరుకు సుమారు 15 గ్రాములు కావాలి. 19 లీటర్ల కెగ్గుకు వేసేది మొత్తం కలిపి మూడు నాలుగు గ్రాములే. ఇక్కడ పని చేసేది విద్యుదావేశం. బీరు పీహెచ్ 4 నుంచి 4.5 దాకా ఉంటుంది. ఆ పులుపులో జెలటిన్ పోగులకు ధనావేశం వస్తుంది. బీరును పులియబెట్టే ఈస్ట్ కణాల పైపొరది ఋణావేశం. కణాలన్నీ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా తేలుతుంటే, జెలటిన్ వాటి మధ్య చేరి ముద్ద కడుతుంది.

ముద్ద కడితే ఏమవుతుందో 1851లో జార్జ్ స్టోక్స్ లెక్క కట్టాడు. రేణువు వ్యాసం పది రెట్లు పెరిగితే, అది కిందికి దిగే వేగం వంద రెట్లు పెరుగుతుంది. వారాల పని రోజుల్లోకి వచ్చేది ఇందుకే. వానలకు ఎర్రబారిన నీళ్లలో పటిక తిప్పినప్పుడు జరిగేదీ ఇలాంటిదే. అక్కడ బంకమట్టిది ఋణావేశం, పటికలోని అల్యూమినియంది ధనావేశం.

అసలు చిక్కు ఈస్ట్‌తో కాదు, చలికి పుట్టే మసకతో. బార్లీ నుంచి వచ్చిన ప్రోటీన్లు, పొట్టు నుంచీ, బీరుకు చేదునిచ్చే హాప్స్ పూల నుంచీ వచ్చిన పాలీఫినాల్స్ (టీకి వగరునిచ్చే లాంటి పదార్థాలు) వెచ్చగా ఉన్నంతసేపు కరిగి ఉంటాయి. చల్లబడితే ఒకదానికొకటి అతుక్కుని కంటికి కనిపిస్తాయి. వెచ్చబడితే మళ్లీ మాయం.

దీన్ని చూడ్డానికి బీరు అక్కర్లేదు. పాలు, చక్కెర వేయకుండా చిక్కటి టీ డికాషన్ వడగట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఎర్రగా మెరుస్తున్నది కాస్తా బురదనీళ్ల రంగుకు తిరుగుతుంది. పొయ్యి మీద వెచ్చబెడితే మళ్లీ మెరుస్తుంది. టీలో పాలీఫినాల్స్‌కు జత కట్టేది ముఖ్యంగా కెఫీన్, బీరులో ప్రోటీన్. తేడా అంతే. ఇంకో గ్లాసు డికాషన్‌లో వేడినీళ్లలో కరిగించిన జెలటిన్ కాస్త కలపండి. మసక కమ్ముకుని, కాసేపటికి మడ్డిలా అడుక్కు దిగుతుంది. జెలటిన్‌లో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. పాలీఫినాల్స్ దాన్ని పట్టుకుంటే వదలవు.

కాబట్టి కెగ్గును ముందు 1–3 డిగ్రీలకు చల్లార్చాలి, జెలటిన్ తర్వాత. చాలామంది తొందరపడి ఇది తిరగేస్తారు. వెచ్చటి బీరులో పోస్తే ఈస్ట్ దిగుతుంది గానీ, ఇంకా పుట్టని మసకను జెలటిన్ ఎలా పట్టుకుంటుంది? జెలటిన్‌ను అరకప్పు చల్లటి నీళ్లలో నానబెట్టి 65–70 డిగ్రీల దాకా వేడిచేస్తే చాలు. మరిగిస్తే పోగులు తెగి పట్టు తగ్గుతుంది. పోశాక కెగ్గును కదపకూడదు. బీరు తోడే గొట్టం అడుగు దాకా ఉంటుంది కాబట్టి మొదటి గ్లాసు నిండా మడ్డే వస్తుంది, పారబోయడమే. గోధుమ బీరు మసకగా ఉండటమే అందం, దానికి ఇదేమీ చేయనక్కర్లేదు.

జెలటిన్ పశువుల, పందుల తోలు, ఎముకల నుంచి తీస్తారు. చాలావరకు అడుగునే ఉండిపోయినా, శాకాహారులు ఒప్పుకోరు. వాళ్ల కోసం సిలికా జెల్ ఉంది. సముద్రపు పాచి నుంచి వచ్చే క్యారజీనన్ కూడా ఉంది గానీ, దానిది కూడా ఈస్ట్ లాగే ఋణావేశం. అందుకే దాన్ని కెగ్గులో కాక, ఇంకా పులియని మాల్ట్ రసం మరిగేటప్పుడు, చివరి పది పదిహేను నిమిషాల్లో వేస్తారు. అక్కడ అది ప్రోటీన్లను పట్టుకుంటుంది. ఏమీ వేయకుండా కొన్ని వారాలు చలిలో ఉంచినా బీరు తేటపడుతుంది. మా వాడికి అంత ఓపిక లేదు.